నీలం తలుపు, నా హెచ్ఆర్ చదువు

ఎంబీఏలో హెచ్ఆర్ ఎందుకు తీసుకున్నావని అడిగినవాళ్లందరికీ నేను చక్కని జవాబులే చెప్పాను. సీటు ఇచ్చేటప్పుడు అడిగిన సారుకు మనుషులతో కలిసి పనిచేయడం ఇష్టమని చెప్పాను. చర్చిలో అడిగిన ఆంటీలకు నీడపట్టున ఉండే ఉద్యోగమని చెప్పాను. అన్నీ ఉత్త మాటలే. మనుషులంటే నాకు అప్పుడూ అంత ఇష్టమేమీ లేదు, ఇప్పుడైతే ఇంకా తగ్గింది. నేను ఆ చదువుకు పోయింది ఒక లెట్రిన్ తాళం తీయించడానికి. వినడానికి రోతగా ఉంటే ఉండనీయండి. పడినవాళ్లకు అంతకన్నా రోతగా ఉండేది.

అప్పటికి చాలా ఏళ్లుగా మా అమ్మ తాండూరు బయట ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. నాపరాళ్లను మిషన్ మీద అరగదీసి నున్నగా చేస్తారక్కడ. మిషన్ల దగ్గర మగవాళ్లుంటారు. పాలిష్ అయిన బండలను తుడిచి, మోసి, వరసగా నిలబెట్టేది ఆడవాళ్లు. మిషన్ వేడెక్కకుండా పొద్దంతా దాని మీద నీళ్లు పారుతూనే ఉంటాయి. ఆ నీళ్లలో కలిసిన రాతిపిండి బూడిదరంగు బురదై కాలువలో వెనక్కి పోతుంది. అది ఎండాక ఎత్తి ఫ్యాక్టరీ వెనకాల దిబ్బలుగా పోస్తారు. మా నాన్న యాలాల్ దగ్గర కౌలుకు తీసుకున్న చేనులో కంది వేసేవాడు కానీ, ఇల్లు గడిచేది అమ్మ మోసే బండలతోనే.

ఫ్యాక్టరీ ఆఫీసు పక్కన నీలం తలుపున్న చిన్న గది ఒకటి ఉండేది. తలుపు మీద తెల్ల రంగుతో 'స్త్రీలకు' అని రాసి ఉండేది. ఆ తలుపుకు ఎప్పుడూ తాళమే. తాళంచెవి మేనేజరు కుర్చీ వెనక మేకుకు, క్యాలెండరు పక్కన వేలాడేది. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే ఎట్లా తెలిసేదో కానీ ముందురోజే తెలిసిపోయేది. అప్పుడు తాళం తీసేవాళ్లు. కొత్త సబ్బు, కొత్త మగ్గు పెట్టి ఫినాయిలు కుమ్మరించేవాళ్లు. ఆడవాళ్ల చేతులకు గ్లౌజులు కూడా ఇచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు తలుపులోంచి తొంగిచూసి, టీ తాగి, బాగుందని చెప్పి జీపెక్కగానే గ్లౌజులు డబ్బాలోకి, తాళంచెవి మేకు మీదికి పోయేవి. ఛీ, నాటకాలాడేవాళ్లయినా వేషం తీసేదాకా కాస్త ఆగుతారు.

తనిఖీ ముందు ఆ గది కడిగేది మా అమ్మ. అంతమంది ఆడవాళ్లలో మా అమ్మే ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మేం దళితులం, చర్చికి పోతాం, ఊళ్లో మా వాడ వేరే. మేనేజరు ఆ పని చెప్పడానికి కుర్చీలోంచి లేచి చుట్టూ చూసేవాడు కూడా కాదు, నేరుగా అమ్మనే పిలిచేవాడు. అమ్మ కడిగి, ఆరబెట్టి, తన చేత్తోనే తాళం వేసి చెవి తెచ్చి అతని బల్ల మీద పెట్టేది. చేతికి ఇస్తే అతను తీసుకోడు మరి. డిగ్రీ చదివే రోజుల్లో అమ్మకు అన్నం డబ్బా తీసుకెళ్లినప్పుడు ఒకసారి ఇది నా కళ్లతో చూశాను. తను వాడుకోనివ్వని గదిని తనతోనే కడిగిస్తారా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పట్నుంచి నా పగంతా ఆ తాళం మీదే.

తాళం ఉన్నాక ఆడవాళ్లు పోవాల్సింది వెనక దిబ్బల చాటుకే. అటు లారీలు వచ్చిపోతుంటాయి, డ్రైవర్లు, క్లీనర్లు ఉంటారు. ఒకరు కూర్చుంటే ఇద్దరు కాపలా నిలబడాలి. ఇంత తతంగం ఎందుకని వాళ్లు నీళ్లు తాగడమే మానేశారు. పొద్దున ఇంట్లో అర గ్లాసు టీ, మధ్యాహ్నం అన్నం గొంతు దిగడానికి రెండు గుక్కలు, అంతే. పక్కన మిషన్ మీద నీళ్లు బుడబుడా పారుతుంటే వీళ్లు ఎండిన పెదాలు నాక్కుంటూ బండలు మోసేవాళ్లు. దీనికి వాళ్లలో వాళ్లు నవ్వుకునేవాళ్లు కూడా. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది.

అమ్మకు ఒంటికి పోతే మంట మొదలైంది, తర్వాత చలిజ్వరం పట్టుకుంది. తాండూరులో సూదులు వేయించినా తగ్గకపోతే వికారాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చూసి, పొద్దంతా ఎన్ని నీళ్లు తాగుతావని అడిగింది. అమ్మ తలొంచుకుంది. నీళ్లు తాగితే రాని రోగానికి ఇంతదూరం ఎందుకొచ్చావు, ఒళ్లంటే అంత అశ్రద్ధ ఏమిటి, మూత్రపిండాలు పాడైతే ఎవరిది బాధ్యత అని ఆవిడ గట్టిగా కోప్పడింది. ఆవిడ కోపంలో తప్పేమీ లేదు కానీ అది పడాల్సినవాడు అక్కడ లేడు. తిరుగు రైలుబండిలో నేను నీళ్ల సీసా మూత తీసి ఇస్తే అమ్మ పెదవులు తడుపుకొని వెనక్కి ఇచ్చింది.

"బండి దిగి ఇంటికి పోయేదాక కష్టమైతది బిడ్డ," అంది.

బండిలో బాత్రూం ఉందని చెప్పాను. ఉంటే ఉండనీ అన్నట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏళ్ల తరబడి ఆపుకొని ఆపుకొని, తలుపు తీసి ఉన్న చోట కూడా పోవచ్చనే సంగతి ఆమె మర్చిపోయింది. నాకు ఏడుపు రాలేదు, అసహ్యమేసింది. ఆ మేకు మీద, ఆ క్యాలెండరు మీద, ఆ మేనేజరు వెనక్కి దువ్విన జుట్టు మీద కూడా అసహ్యమేసింది.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఏం చదవాలో చెప్పడానికి మా వాడలో ప్రతి గడపా సిద్ధంగా ఉంది. బీఈడీ చెయ్యమన్నారు కొందరు. హైదరాబాద్ పోయి గ్రూప్స్ కోచింగ్‌లో చేరమన్నారు ఇంకొందరు. మా డిగ్రీ కాలేజీ సారు ఒకాయన మాత్రం, యజమానికీ పనివాళ్లకీ మధ్య ఒక కుర్చీ ఉంటుందమ్మా, దాన్నే హెచ్ఆర్ అంటారు, అందులో కూర్చున్నవాళ్ల మాట రెండువైపులా వినపడుతుంది అన్నాడు. పాపం ఆయన నమ్మే చెప్పాడు. నాకు ఆ మాటతో మేనేజరు కుర్చీ, దాని వెనక మేకు కళ్ల ముందు మెదిలాయి. ఆ కుర్చీలో నేను కూర్చుంటే మేకు నా చేతికి అందుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. అమ్మ కూడా హెచ్ఆర్ అంటే ఏందని అడిగింది. పనిచేసేటోళ్ల మంచిచెడ్డలు చూసేటోళ్లని చెప్పాను. మేనేజరు కన్నా పెద్దనా అంది. ఆ, పెద్దనే అన్నాను. అయితే చదువు అంది.

వికారాబాద్‌లో ఒక కాలేజీలో సీటొచ్చింది. పొద్దున ప్యాసింజర్ బండికి పోవడం, సాయంత్రం మళ్లీ దానికే రావడం. అనంతగిరి గుట్టల గాలి ఆరోగ్యానికి మంచిదని హైదరాబాద్ నుంచి కార్లేసుకొని జనం వస్తుంటారు. ఆ గాలి మా కాలేజీ దాకా వచ్చేది కాదు. మా అమ్మాయిల బాత్రూంలో కొళాయి ఉండేది, అందులో నీళ్లుండేవి కావు. వాసన మేనేజ్‌మెంట్ క్లాసుదాకా వచ్చేది. మేమూ నీళ్లు తాగడం తగ్గించాం. తాండూరులో మా అమ్మ బండలు మోస్తూ ఆపుకుంటుంటే వికారాబాద్‌లో నేను ఆ బండల ఫ్యాక్టరీని బాగుచేసే చదువు చదువుతూ ఆపుకునేదాన్ని.

క్లాసులో మేడం తెర మీద బొమ్మలు వేసి చదివేది. ఒకరోజు మెట్లు మెట్లుగా ఉన్న గోపురం బొమ్మ వేసింది. మనిషి అవసరాలన్నీ అందులో ఉన్నాయట. అడుగు మెట్టు మీద తిండి, నీళ్లు, ఒంటి అవసరాలు. పై మెట్ల మీద గౌరవం, గుర్తింపు, ఇంకా ఏవేవో. ఈ కింది మెట్టు అందరికీ తెలిసిందే, అందరికీ ఉండేదే, దీని మీద టైం వేస్టు వద్దని మేడం పైకెక్కిపోయింది. క్లాసంతా ఆమె వెనకే ఎక్కింది. నేనొక్కదాన్నే కింది మెట్టు మీద మిగిలిపోయాను. లేచి అడుగుదామనుకున్నాను కానీ, బాత్రూం గురించి నోరెత్తితే ఆ ఏడాదంతా నాకు అదే పేరు పెడతారని ఊరుకున్నాను. 'మానవ వనరులు' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఫ్యాక్టరీలో వరసగా నిలబెట్టిన బండలు గుర్తొచ్చేవి.

చివరి ఏడాది ప్రాజెక్టు చెయ్యాలి. మావాళ్లందరూ జిరాక్సు షాపులో కొనుక్కొచ్చారు. ఒకే పుస్తకం, అట్ట మీద కంపెనీ పేరు మాత్రం వేరు. ఉద్యోగుల తృప్తి మీద అధ్యయనమట. ఒక ఫ్యాక్టరీ గేటు కూడా చూడనివాళ్లు అక్కడి ఉద్యోగులు ఎంత తృప్తిగా ఉన్నారో రంగురంగుల గీతలతో చూపించి మార్కులు వేయించుకున్నారు. నేను మాత్రం నిజంగానే చేస్తానని అమ్మ పనిచేసే ఫ్యాక్టరీకే పోయాను. సేటు, అంటే యజమాని, సంతోషంగా సరే అన్నాడు. మన ఫ్యాక్టరీలో బండలు మోసే మనిషి బిడ్డ ఎంబీఏ చదువుతోందని వచ్చినవాళ్లందరికీ తనే చదివించినట్టు చెప్పుకున్నాడు.

ఆడవాళ్లు అన్నాలు తినేచోట కూర్చొని మాట్లాడాను. మేనేజరు దూరంగా నిలబడి ఉంటే అందరూ అన్నీ బాగున్నయన్నారు. అతను పోగానే నోళ్లు తెరుచుకున్నాయి. వాళ్లలో యాలాల్ వైపు నుంచి వచ్చే ఒకామె ఉంది, గొర్లు కాసే ఇంటి కోడలు, గడుసు మనిషి. నన్ను చిన్నప్పటి నుంచి ఎరుగును, నేను అక్కా అని పిలుస్తాను. నువ్వు చదివిన చదువంతటికీ జర ఆ తాళం తీయించు బిడ్డ, నీకు పుణ్యముంటది అని ఆమే నా చేతులు పట్టుకుంది. చుట్టూ అందరూ అవునన్నారు. అమ్మ మాత్రం కొంగుతో డబ్బా మూత తుడుస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆ తాళం జోలికి పోవద్దంది. ఎందుకంటే చెప్పదు. వద్దంటే వద్దు, చదువుకున్నవు, ఏడన్న మంచి నౌకరి చూసుకో, గా ఫ్యాక్టరీ నీకెందుకు అని కసురుకుంది. మేనేజరుకు భయపడుతోందనుకున్నాను. ఇన్నేళ్లు భయపడి భయపడే ఒళ్లు పాడుచేసుకున్నావని నేనూ అరిచాను.

నా ప్రాజెక్టులో ఆ నీలం తలుపు సంగతి దాచకుండా రాసి సేటు చేతికే ఇచ్చాను. గెంటేస్తాడనుకున్నాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, ఉద్యోగం ఇస్తానన్నాడు. సంగతేమిటంటే, బండలు పెద్ద ఎత్తున కొనేవాళ్లు కొందరు ఈమధ్య ముందు చెప్పకుండా వచ్చి పనివాళ్ల సౌకర్యాలు చూస్తున్నారట, హెచ్ఆర్ అని ఒక మనిషి ఉండాలంటున్నారట. నాకన్నా చవకగా, నాకన్నా నమ్మకంగా ఆయనకు ఇంకెవరు దొరుకుతారు? తాళందేముందమ్మా, రేపటి నుంచే తీసిపెట్టు అని మేనేజరును పిలిచి చెవి ఇప్పించాడు. మేనేజరు దాన్ని బల్ల మీద పెట్టి నా వైపు జరిపాడు. నేను తీసుకున్నాను. ఇన్నేళ్ల పగ ఇంత తేలిగ్గా తీరిపోవడం నాకే నమ్మబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే అందరి ముందూ తాళం తీశాను. లోపల గ్లౌజుల డబ్బాలు, ఖాళీ ఫినాయిలు సీసాలు, గోడకు అతుక్కొని ఎండిపోయిన బల్లి ఉన్నాయి. ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ నవ్వారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నీళ్లు తాగారు. ఇంత నీళ్లా అనిపించేట్టు తాగారు. యాలాల్ అక్క సీసా ఎత్తి గటగటా తాగుతుంటే గొంతు కదలడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. అమ్మ ఆ రోజు కూడా రెండు గుక్కలే తాగింది. అలవాటు పోవాలి కదా అనుకున్నాను.

రెండో రోజుకు ఆ గది దగ్గరికి పోలేకపోయాం. అంతమంది వాడిన చోటు, నీళ్లు సరిగా పోసినవాళ్లు లేరు. మూడో రోజు పొద్దున మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, మేడం, జర మీ అమ్మకు చెప్పండి, కడుగుతది అన్నాడు. మేడం అనే అన్నాడు, ఎంతో మర్యాదగా. నాకు తలకొట్టేసినట్టయింది. బయటికి చూస్తే అమ్మ అప్పటికే చీపురు, బకెట్టు పట్టుకొని నీలం తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎవరూ చెప్పక ముందే వచ్చి నిలబడింది. పోయి చెయ్యి పట్టుకొని పక్కకు లాగాను.

"గిందుకే వద్దన్న బిడ్డ. తాళమున్నప్పుడు ఎప్పుడన్న తనిఖీకి కడిగేదాన్ని. ఇప్పుడు గింతమందిది దినాం నేనే ఎత్తిపొయ్యాలె," అంది.

గొంతు పెంచకుండా, బియ్యంలో రాళ్లున్నాయని చెప్పినట్టు చెప్పింది. నేను రెండేళ్లు బండ్లు పట్టుకొని తిరిగి, తెర మీద బొమ్మలన్నీ బట్టీపట్టి, తీయించిన తాళం మా అమ్మకే చాకిరీ తెచ్చిపెట్టింది. ఇన్నేళ్లూ ఆ తాళం ఆమె ఒంటికి రోగం తెచ్చింది, నిజమే, కానీ ఇంత రోత పని నుంచి ఆమెను కాపాడింది కూడా అదే. నేను ఒకటే చూశాను. ఆమె రెండూ చూసి, తాళం ఉండడమే నయమని లెక్క వేసుకుంది.

ఆడవాళ్లందరినీ పిలిచాను. అందరూ వాడుకుంటున్నారు కాబట్టి వంతులేసుకొని కడుక్కుందాం, నా వంతు కూడా ఉంటుంది అన్నాను. నా మాట పూర్తయ్యేసరికి మొహాలు మారిపోయాయి. పుణ్యముంటదని నా చేతులు పట్టుకున్న యాలాల్ అక్కే ముందుకొచ్చింది. కోపంగా కూడా లేదు, చిన్నపిల్లకు తెలియని సంగతి చెప్పినట్టు నచ్చజెప్పింది.

"గా పని మేం ఎన్నడన్న చేసినమా బిడ్డ? మా ఇంట్ల తెలిస్తే నన్ను గడప తొక్కనిస్తరా? మీ అమ్మకైతే అలవాటు," అంది.

మిగతావాళ్లు తలలూపారు. అమ్మతో కలిసి ఇన్నేళ్లు ఒకే బండను ఆ కొస ఈ కొస పట్టుకొని మోసినవాళ్లు. అమ్మకు జ్వరమొస్తే ఇంటికొచ్చి పలకరించినవాళ్లు. దిబ్బల చాటున ఒకరికొకరు కాపలా నిలబడ్డవాళ్లు. సేటు మీద, మేనేజరు మీద దాచుకున్న అసహ్యమంతా ఆ క్షణంలో వాళ్ల మీదికి మళ్లింది. సేటు దగ్గరికి పోయి కడగడానికి వేరే మనిషిని పెట్టమన్నాను. ఉన్నరు గదమ్మా, మళ్లీ ఇంకొకరెందుకు, గింత చిన్న దానికి ఫికర్ పడతరా అని నవ్వి పంపించాడు.

అప్పుడు చీపురు నేనే తీసుకున్నాను. కొత్త చుడీదారు మడమల పైకి మడిచి, ముక్కుకు చున్నీ కట్టుకొని కడిగాను. ఎంబీఏ చదివిన పిల్ల, ఆఫీసులో కుర్చీ ఉన్న పిల్ల, తమ మలమూత్రాలు ఎత్తిపోస్తుంటే చూసి వీళ్లకు సిగ్గేస్తుంది, రేపు ఒక్కరైనా చీపురు పట్టుకుంటారు అని నా ఆశ. సిగ్గు లేదు, ఏమీ లేదు. మా బంగారమే, తల్లికి తగ్గ బిడ్డవే అని మెచ్చుకున్నారు. మర్నాడు పొద్దున నేను గేటు లోపలికి వచ్చేసరికి కొంగులు ముక్కులకు అడ్డంపెట్టుకొని, నేనెప్పుడు కడుగుతానా అని ఎదురుచూస్తూ నిలబడ్డారు. వాళ్ల వెనక నుంచి మేనేజరు, మేడం వచ్చింది, జరగండి జరగండి అంటూ బకెట్టు నా ముందు పెట్టించాడు.

రోజూ అదే తంతు. నన్ను చూసి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. ఎంబీఏ చదివిన మనిషి లెట్రిన్ కడుగుతోందని వాళ్లకు ఆశ్చర్యం కలగలేదు, ఎందుకంటే వాళ్లు ఎంబీఏను చూడలేదు. మా అమ్మ బిడ్డను చూశారు, ఎవరు చెయ్యాల్సిన పని వాళ్లే చేస్తున్నారని ఊరుకున్నారు. వికారాబాద్‌లో నాకు ఇచ్చిన పట్టా ఈ గేటు బయటే రాలిపోయింది. నేను చదివిన పుస్తకాల్లో ఎంతమందికి ఎన్ని బాత్రూంలు ఉండాలో ఉంది, ఎంత దూరంలో ఉండాలో ఉంది. కడిగేదెవరో మాత్రం ఒక్కచోట కూడా లేదు. ఇప్పుడు లేబర్ లా డిప్లొమాకు దూరవిద్యలో కట్టాను, ఆ పుస్తకాల్లోనైనా ఉందేమో వెతుకుతున్నాను. ఇంతవరకు కనపడలేదు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున అమ్మ వచ్చి నా చేతిలోంచి చీపురు లాక్కుంది. ఆమె మొహం చూసి నేను భయపడ్డాను. నేను కడుగుతుంటే దూరం నుంచి రోజూ చూసింది, బండ మోస్తూ మోస్తూ ఆగి చూసింది. తను కడిగిన ఇన్నేళ్లలో ఎన్నడూ రాని కోపం నన్ను చూసి వచ్చినట్టుంది.

"తాళం ఎయ్యి," అంది. "ఏసి చెవి నాకియ్యి. కడిగినోళ్లే పోతరు. ఎవరన్న పోవాలంటే నా దగ్గర చీపురు తీస్కొని, కడిగి, పోవాలె. హెచ్ఆర్ అంటివి గద, గీ మాట చెప్పు వాళ్లకు."

చెప్పాను. ఆఫీసు మెట్ల మీద నిలబడి, కడిగినవాళ్ల దగ్గరే తాళంచెవి ఉంటుందని, నా ఉద్యోగంలో నేను పెట్టిన మొదటి రూలు ఇదేనని చెప్పాను. ఆడవాళ్లు గుసగుసలు పోయారు. మేనేజరు సేటు దగ్గరికి పరుగెత్తాడు. సేటు విని, చూడటానికి వచ్చినవాళ్లకు శుభ్రంగా కనపడితే చాలు, లోపల మీరేం చేసుకుంటే నాకేంది అన్నాడట. ఆయన నుంచి అంతకన్నా మంచి మాట నేనూ ఆశించలేదు. అమ్మ ఆ గది చివరిసారి కడిగినట్టు కడిగి, తాళం వేసి, చెవి కొంగుకు ముడేసుకుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ అమ్మకు కాస్త దూరంగా జరిగి కూర్చున్నారు. ఎండాకాలం, బండలు కాలిపోతున్నాయి. అమ్మ అన్నం తిని, నా సీసా తీసుకొని మూత తిప్పి ఎత్తింది. సగం సీసా తాగింది. ఊపిరి తీసుకొని మిగతా సగం కూడా తాగింది. ఆమె అన్ని నీళ్లు ఒక్కసారిగా తాగడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కాసేపటికి లేచి, అందరి మధ్య నుంచి, మిషన్ల దగ్గరున్న మగవాళ్ల ముందు నుంచి, మేనేజరు కిటికీ ముందు నుంచి నడిచి పోయి, కొంగు ముడి విప్పి నీలం తలుపు తాళం తీసి లోపలికి పోయింది. గడియ పెట్టిన చప్పుడు మాదాకా వినపడింది. ఏమీ తొందరపడకుండా చాలాసేపటికి బయటికి వచ్చింది, మొహం కడుక్కొని వచ్చింది.

అప్పుడు యాలాల్ అక్క లేచి అమ్మ దగ్గరికి పోయింది. ఎప్పటి నుంచి ఆపుకుంటోందో నిలబడలేక నిలబడుతోంది. అక్కా, జర చెవి ఇయ్యవా అని చెయ్యి చాచింది. అమ్మ గోడకు ఆనించిన చీపురు తీసి ఆ చేతి ముందు పెట్టింది. అక్క చీపురు వైపు చూసింది. వాంతిని చూసినట్టు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకొని, వెనక దిబ్బల వైపు గబగబా నడిచింది. ఈసారి కాపలాకు ఆమె వెంట ఎవరూ లేవలేదు.

నాకు రోతతో నోరంతా చేదైపోయింది. ఇదీ వీళ్ల బతుకు, ఆ బురదలోనైనా కూర్చుంటారు కానీ చీపురు ముట్టుకోరు, వీళ్ల కోసమా నేను చదివింది అన్నాను. అమ్మ నా పక్కన కూర్చొని ఖాళీ సీసా నా చేతికిచ్చింది.

"ఇంక నీళ్లు తాగుడు అలవాటైంది బిడ్డ వాళ్లకు. ఎన్ని దినాలు ఆపుకుంటరు?" అంది. "పో, నీళ్లు నింపుకరా. అందరికీ పొయ్యి."

నింపుకొని వచ్చి ఒక్కొక్కరి గ్లాసు నిండా పోశాను.